చారలు

కళ్ళ రంగులు అచ్చేసిన అట్ట ఒళ్ళో పెట్టుకుని
కాశీబుగ్గలో జీడి బట్టీ గుమ్మం దగ్గర
మూడ్రోజులుగా కూర్చున్నాను.
నలుపు. నలుపు. ముదురు గోధుమ. నలుపు.
పెన్ను తనంతట తానే టిక్కు కొడుతోంది.

నాలుగోనాడు అన్నెపు చామంతి వచ్చింది,
కొంగుతో పొగ విదిల్చుకుంటూ.
తలెత్తితే
ఇంకా కొమ్మనున్న లేత జీడిపిక్క రంగు!

"దేశం మొత్తమ్మీద ఎంతమందికుంటాయమ్మా ఇవి,
వెయ్యికొకరికో, పదివేలకొకరికో!"
పారేసుకున్న ఉంగరం దొరికినట్టు అరిచాను.
ఆవిడ నవ్వలేదు.
"పిల్లికళ్ళ గుంటని, పెళ్ళోరికి ఎదురు రానిచ్చీవోరు కాదు బావూ.
ఇప్పుడు నెక్కలోకొచ్చినానేటి?"

సరే, వేలిముద్ర వెయ్యమన్నాను.
మిషను ఎర్రగా వెలిగింది.
తుడిచి మళ్ళీ. ఎడంచేత్తో మళ్ళీ.
"రేసను మిసనూ ఇంతే" అని
బొటనవేలు నా మొహం ముందు పెట్టింది.
జీడి తినేసిన చర్మం,
ఏటిరాయంత నున్నగా.

"ఓలమ్మా, ఓపాలి సేతులు సూపండర్రా!"

పిక్కలు కొట్టే చప్పుడు ఆగింది.
ఇరవయ్యేడు జతల అరిచేతులు, మసి,
వేళ్ళ కొసల్లో మాత్రం ఏమీ లేదు.
పుట్టిన ప్రతివాడికీ ఉండేవి,
ఏ ఇద్దరికీ కలవనివి
ఇక్కడ అందరికీ ఒకేలా లేవు.

ఎక్కడ రాయాలి దీన్ని?
అట్టమీద పదకొండు రంగులున్నాయి.
చామంతి పేరు పక్కన 'అరుదు' అని రాసి
రెండు గీతలు కొట్టాను.
చప్పుడు మళ్ళీ మొదలైంది.
మిగతా ఇరవయ్యారుగురూ
నలుపు, నలుపు, ముదురు గోధుమ.