కవిటి రెండు

శ్రీకాకుళంలో, రెండో అంతస్తులో, మెట్ల పక్క గదిలో
నాకో తెర ఉంది.
జిల్లా ఆఫీసుల్లోని ప్రింటర్లన్నీ అందులో చుక్కలు.
పచ్చనివి బతికున్నవి,
పసుపువి ఆకలేస్తున్నవి,
ఎర్రవి, ఎవరో ప్లగ్గు పీకి
ఫోను ఛార్జింగు పెట్టుకున్నవి.

మునుపు ఏ బల్ల యంత్రం ఆ బల్లదే.
టెక్కలిది డొక్కలో ఓ గుద్దు గుద్దితేగాని కాగితం మింగేది కాదు.
మందసది వానాకాలం జలుబు చేసి
అక్షరాలు చీదేది.
అటెండరు లెంక పోలయ్యకి వాటన్నిటి జాతకాలూ తెలుసు.
సిరా డబ్బా బయటికి తీసి,
చంటిపిల్లని ఊపినట్టు ఊపి చెవి దగ్గర పెట్టుకుని
"ఇంకో యాబై కాయితాలొత్తాయి బాబూ" అనేవాడు.
యాభై రెండు వచ్చేవి.

ఇప్పుడన్నిటినీ ఒకే తాడుకి కట్టేశాం.
ఎవరు ఎక్కడ నొక్కినా ముందు నా దగ్గరికే వస్తుంది,
వరసలో నిలబడుతుంది,
నెంబరు కొట్టినవాడికే బయటికొస్తుంది.
రంగు వద్దు. రెండువైపులా అచ్చేయాలి.
ఎనిమిది గంటల్లో ఎవరూ తీసుకోని కాగితం
పుట్టకుండానే పోతుంది.
ఖర్చు తగ్గిందని పైవాళ్లు నాకో మెమెంటో ఇచ్చారు,
దాని మీద నా ఇంటిపేరు తప్పు.

పోలయ్యని రికార్డు గదికి మార్చారు.
అన్నం తిన్నాక వచ్చి నా వెనక నిలబడతాడు,
"ఇందులో టెక్కలిది ఏది బాబూ?"
చూపిస్తే, ఆ చుక్క మీద
వేలితో మెల్లగా ఒక్కటి తడతాడు.

ప్రతి నెలా ఒకటో తారీఖున తెర ఒక గీత గీస్తుంది.
గీత మీదికి తలెత్తిన యంత్రాన్ని
నేను సంజాయిషీ అడగాలి.
ఏడు నెలలుగా ఒకటే తల.
కవిటి రెండు.
నెలంతా రావాల్సిన సిరా
పద్దెనిమిదో తారీఖుకే అడుగంటుతోంది.

శుభలేఖలు కొట్టుకుంటున్నారన్నాడు మా సూపర్నెంటు.
కొబ్బరి వ్యాపారం బిల్లులన్నాడు ఇంకొకడు.
తెర మాత్రం ఏమీ అనలేదు.
దానికి ఎన్ని అన్నది తెలుసు,
ఏమిటన్నది తెలీదు.

నోటీసు అచ్చేసుకుని, అదీ రెండువైపులా,
ఇచ్ఛాపురం బస్సెక్కాను. కంచిలిలో దిగి ఆటో.
దారికి అటూ ఇటూ కొబ్బరి, పనస, జీడి.
ఇంత పచ్చ నా తెర మీద
ఏనాడూ చూళ్లేదు.

ఆఫీసు వరండాలో గోడవార కూర్చున్నారు మనుషులు.
ఒక్కొక్కరి ఒళ్లో ఒక్కో ప్లాస్టిక్ కవరు.
చెప్పుల్లో పట్టనంతగా ఉబ్బిన పాదాలు.
లోపల కవిటి రెండు ఆగకుండా వగరుస్తోంది.
సాలిన దమయంతి, కాంట్రాక్టు ఆపరేటరు,
కాగితాలు వేడివేడిగా అందుకుని పంచుతోంది.
డయాలసిస్ పింఛను దరఖాస్తు.
ఆస్పత్రికి బస్సు పాసు దరఖాస్తు.
రక్తపరీక్ష రిపోర్టుకి మూడు నకళ్లు.
పోయినాయన పేరు కొట్టేసి
ఆవిడ పేరెక్కించే కాగితం.
మళ్లీ డయాలసిస్ పింఛను దరఖాస్తు.

సంచీలోంచి నోటీసు సగం పైకి తీశానో లేదో
గుమ్మం దగ్గరి పెద్దాయన అడిగాడు,
"ఏటి బాబూ, మా కాయితాలు కూడా ఎక్కువైపోనాయేటి?"

దమయంతి గ్లాసుతో నీళ్లిచ్చింది.
పట్టుకుని ఒక్క క్షణం ఆగాను.
ఆ ఆగడం ఆమె చూసింది.
"డబ్బా నీళ్లే సార్, తాగండి."

తాగాను.
లేచి కవిటి రెండు తలుపు తెరిచి
సిరా డబ్బా తీసి పోలయ్యలా ఊపాను,
చెవి దగ్గర పెట్టుకున్నాను.
ఇంకెన్ని వస్తాయో
చెప్పడం నాకు చేతకాలేదు.

నోటీసు సంచీలోనే తిరిగొచ్చింది.
రెండువైపులా అచ్చయింది కనక
చిత్తుకైనా పనికిరాదు.
మర్నాడు తెర ముందు కూర్చుని
కవిటికి ఒక్కదానికి గీత పైకి జరిపాను.
కారణం రాయమంది, నలభై అక్షరాలు మించకుండా.
"వాడకం ఎక్కువ" అని రాసి చెరిపాను.
"అవసరం" అని రాసి, అదీ చెరిపాను.
ఖాళీగా వదిలేస్తే ఒప్పుకోదు.
చివరికి ఒక్క చుక్క పెట్టాను.

ఒప్పుకుంది.