మెరవాలి, అడ్డుపడకూడదు

లోపలికి పోయే ముందు పూలు తీసెయ్యాలి.
ఒరగడం ఫ్యాక్టరీ మొదటి తలుపు దగ్గర
మూర మల్లెలు డబ్బాలో పెట్టి
నుదుటి విబూది తడిగుడ్డతో తుడుచుకుని
ముత్తుపేచ్చి రోజూ అదే మాట అంటుంది:
"సామిని కూడా బయటే నిలబెడతారే మీ వాళ్ళు."
మా వాళ్ళెవరో నాకు తెలీదు.
తెల్ల గౌను, తెల్ల ముసుగు. కళ్ళు మాత్రం మావి.

ఫిల్ము రోలు విప్పితే
గాజుకీ నీళ్ళకీ మధ్య ఏదో ఒకటి
తొడుగు వేసిన చేతికి తగులుతుంది.
దాని వీపు మీద అచ్చు వేస్తాం, బొమ్మని తిరగేసి.
ముందు మెరుపు, ఆఖర్న నలుపు.
ఒక పూత ఆరాకే ఇంకో పూత,
మా నాయనమ్మ తాటాకు చాప మీద
మామిడి తాండ్ర పోసినట్టు.
తొందరపడితే అడుగు పొర పచ్చిగా ఉండిపోయి
కాగినప్పుడు బొబ్బలెక్కుతుంది.

తర్వాత వేడి. నూట అరవై.
ఫ్రేములో బిగించిన ఫిల్ము ముందు వణుకుతుంది,
ఆనక పొట్ట జారుతుంది.
ఆ జారే క్షణం తనకి చెవితో తెలుసంటాడు వేదగిరి.
రెప్పపాటు ముందైతే మూలలు తెల్లబోతాయి,
రెప్పపాటు ఆలస్యమైతే గీతలు వంగి
కారు మొహానికి మెల్లకన్ను వస్తుంది.
ఉస్సుమని గాలి. అచ్చుని కరుచుకుంది.
ఇక అది మళ్ళీ చదునవదు.

పోయిన ఆడి నెలలో
నా బల్ల మీంచి పోయిన నూట పద్దెనిమిది ముక్కలు
తిరిగొచ్చాయి.
ఒక్కదాని మీదా మచ్చ లేదు.
నేనే చూశాను, దీపం కింద వంచి, వాల్చి.
వెంట్రుక మొదలంత నలుసునైనా పట్టే కన్ను నాది.
"అందంగానే ఉన్నాయమ్మా," అన్నాడు ఇళంగో సార్,
"కానీ గుడ్డివి."

పరీక్ష గదిలో చూపించాడు.
ముక్క వెనక అగ్గిపెట్టెంత రాడార్.
ఎదురుగా నన్ను నడవమన్నాడు.
టిఫిన్ క్యారియర్ చేత్తో పట్టుకునే నడిచాను.
తెర మీద నేను లేను.
మళ్ళీ నడిచాను, గట్టిగా,
అడుగుల చప్పుడు దానికి వినిపిస్తుందేమోనన్నట్టు.
లేను.

తప్పు సిరాది. కొత్త డబ్బాలో
వెండి రంగు రేణువులు చెయ్యీ చెయ్యీ పట్టుకుని
గోడ కట్టేశాయట.
పాత మెరుపులో లోహం దీవులు దీవులుగా ఉండేది.
కంటికి ఒకటే అద్దం,
తరంగానికి పులికాట్ సరస్సులో పడవ దారులు.
మెరవాలి, అడ్డుపడకూడదు, అన్నాడు సార్ తమిళంలో.
ఇదే మాట మా అమ్మ తెలుగులో
ఎన్నిసార్లు చెప్పిందో నాకు, వేరే సంగతి గురించి.
అప్పుడు కోపం వచ్చింది.
ఇప్పుడూ కొంచెం వచ్చింది.

నూట పద్దెనిమిదీ గ్రైండర్లో పడ్డాయి.
ఒకటిస్తే మోపెడ్ ముందు బిగించుకుంటానని
వేదగిరి సెక్యూరిటీని బతిమాలాడు,
నా మోపెడ్‌కి నా కళ్ళు చాలవా అని వాదించాడు పాపం.

కొత్త ముక్క పెట్టి మళ్ళీ నడిపించారు.
ఈసారి పచ్చటి చుక్క,
నేనాగితే ఆగింది.
"అదుగో మీరు," అన్నాడు సార్.
క్యారియరేమో సార్, అన్నాను,
స్టీలు బాగా కనిపిస్తుందంటగా.
దాన్ని కింద పెట్టి వట్టి చేతులతో నడిచాను.
చుక్క సన్నబడింది. పోలేదు.

రాత్రి పదిన్నర. బస్సు కోసం రోడ్డు దాటాలి.
కొత్త కార్లని వీపున మోసే ట్రైలర్లు,
సన్నటి తుంపర.
ముత్తుపేచ్చి జడలోకి మల్లెలు మళ్ళీ వచ్చాయి, కాస్త వాడి.
దూరాన్నించి తెల్ల కారొకటి వస్తూ వస్తూ నిదానించింది.
డ్రైవరు చూశాడో, కారే చూసిందో,
ఆ ముందు పలక మాదో కాదో.
నేను అలవాటు కొద్దీ చెయ్యెత్తాను.
ముత్తుపేచ్చి ఎత్తలేదు,
నడుచుకుంటూ దాటేసింది.