బంగారం! ఓలే బంగారం!

గవ్వల గంగులు ఓడదొంగ,
గడ్డం చూస్తే చీపురుకట్ట.
కంటికి నల్ల గుడ్డెందుకంటే
కళ్ళకలకలే, ఎవరికీ చెప్పకు!

భుజాన చిలక ఉండాలి కదా,
చిలక దొరక్క కాకిని పెట్టాడు.
మాటలు రావు దానికి పాపం,
తిట్టినట్టుగా చూస్తుందంతే.

నలుగురు దొంగలు ఓడలో ఉంటే
ఈత వచ్చింది ఒక్కడికే,
వంటవాడు ఎల్లాజీకి.
వాడికేమో వంట రాదు.

డాల్ఫిన్ నోస్ మీద లైట్‌హౌసు
చీకట్లో కన్ను గీటగానే
"దొరికిపోయాం రోయ్!" అని గంగులు
చేపల బుట్టలో దూరాడు.

తెల్లారి బీచిలో ఎవరిదో కేక:
"బంగారం! ఓలే బంగారం!"
కత్తులు దూసి ఐదుగురూ ఉరికితే
మురీ మిక్చర్ బండి,
బండెనకాల బంగారమ్మ!

"ఏటి నాయినా, కారం ఎక్కువేయాలా?"
ఉల్లి టకటక, నిమ్మ చిటుక్కు.
ఐదు పొట్లాలకి నాలుగే కాగితాలు.
గంగులు చంకలోది లాగి చుట్టేసింది.

అది నిధి పటం!
తాత దాచిన ఒకే ఒక్క పటం!
తిన్నాక చూస్తే ఏముంది,
సముద్రమంతా నూనె మరక,
దీవి మీద శనగబద్ద.

మరక ఉన్నచోటే తవ్వారు,
ఎండ నెత్తికెక్కేదాకా తవ్వారు.
దొరికింది ఒక ఎడమ చెప్పు,
దాన్లో కాపురమున్న పీత.
పీతకి కోపమొచ్చింది,
గంగులు బొటనవేలూ దొరికింది.
"కుయ్యో!"
కాకి మొదటిసారి నవ్వింది.

"నా డబ్బులేవి?" అంది బంగారమ్మ.
జేబులు తిప్పితే ఇసకే రాలింది.
"కత్తులున్నాయి కదా, కూకోండి.
ఉల్లిపాయలు రెండు బస్తాలున్నాయి."

సాయంత్రం మీరు బీచికెళితే
వరసగా ఐదుగురు కూర్చునుంటారు.
గడ్డం తడిసి ముద్దైన గంగులు
అడక్కపోయినా అందరికీ చెబుతాడు:
"ఏడుపు కాదర్రా! కళ్ళకలక!"