రెండో ప్రశ్న

పొద్దున తత్వశాస్త్రం.
ఒయార్సున్ మాస్టారు బల్ల మీద చరిచి అడిగాడు:
"మనమంతా వెళ్ళిపోయాక ఇది ఇక్కడే ఉంటుందా?"
బయట వాన. వల్దీవియాలో ఎప్పుడూ వానే.

మధ్యాహ్నం డార్క్‌రూమ్.
ఎర్రదీపం కింద, పుల్లటి వాసనలో
మైతే ట్రే ఊపుతోంది,
చేటలో బియ్యం చెరిగినంత ఒడుపుగా.
ముందు చేపల బజారు మెట్లు తేలాయి,
తర్వాత తక్కెడ,
తర్వాత వాళ్ళమ్మ చెయ్యి, కత్తితో సహా.
సముద్ర సింహం మాత్రం రాలేదు.
మీట నొక్కేలోపే మునిగింది.
నీళ్ళు, నీళ్ళ మీద ఒక వలయం, అంతే.

పారేయబోయి ఆగింది.

శుక్రవారం పరీక్షలో
రెండో ప్రశ్న కింద ఏమీ రాయకుండా
అంచులు వంకరపోయిన ఆ ఫోటో పిన్ను గుచ్చి ఇచ్చింది.
మాస్టారు మార్కులు వేయలేదు.
వెనకవైపు పెన్సిల్‌తో, చిన్నగా:
"ఊపిరికి ఎప్పుడు పైకొచ్చింది?"

ఇప్పుడు మెట్ల మీద కూర్చుంది మైతే.
గొడుగు కింద కెమెరా,
తను వానలో.