ఆరో వేలు

పేరు చెప్పను. చెప్పనని సంతకం పెట్టాను.
యూసుఫ్‌గూడలో బట్టల షాపు పైన మూడో అంతస్తు,
కిటికీలకు నల్ల కాగితం,
ఇరవై రెండు లైటు డెస్కులు, ఒకటే బాత్రూం.
అక్కడ ఒక ఉక్కు మనిషికి
ఎడమ చెయ్యి గీసేదాన్ని.

చెయ్యి ఎత్తబోవడం టోక్యోలో గీస్తారు.
ఎత్తేశాక కూడా వాళ్లే గీస్తారు.
ఆ రెంటి మధ్య ఎత్తుతూ ఉండటం మాత్రం
మాకు పంపిస్తారు
బొమ్మకింత అని లెక్కగట్టి.

పంతొమ్మిదో భాగానికి వచ్చేసరికి
అక్కడెవరో ఆటబొమ్మల సేటు డబ్బు వెనక్కి తీసుకున్నాడట,
దర్శకుడికి సెలైన్ ఎక్కుతోందట.
అన్నీ అటలే.
మాకు ఖాయంగా తెలిసింది ఒకటే,
పది రోజుల పని నాలుగు రోజులైందని.
సుగుణాకర్ సార్ బిర్యానీ తెప్పించాడు.
బిర్యానీ వచ్చిందంటే
ఇవాళ ఇంటికి పోయేది లేదని అర్థం.
నా హాస్టల్ గేటు ఎలాగూ పదింటికే పడిపోతుంది.

తెల్లవారుజామున మూడున్నరకి
పిడికిలి విప్పుకుంటున్న చేతికి
ఆరు వేళ్లు వేశాను.
స్కానర్ దగ్గర ఇమ్తియాజ్ ఆగాడు.
"చూసినవా?"
"చూసిన."
"పంపియ్యనా?"
రబ్బరు వెతకడానికి కూడా నాకు చెయ్యి లేవలేదు.
"పంపియ్."

ఆ భాగం చివరి సీనుకు బొమ్మలే రాలేదు.
ఉన్న ఒక్కదాన్నే పదకొండు సెకన్లు నిలబెట్టారు.
కాలిన ఊరు, వంగిన తల, కదలని పొగ.

రెండేళ్ల తర్వాత, మాదాపూర్‌లో
అట్టపెట్టెల కవచాలు కట్టుకున్న పిల్లల జాతర.
చేతిలో సోడాతో ఓ మూలన నిలబడ్డాను.
"ఆ పదకొండు సెకన్లు!" అన్నాడొక కుర్రాడు
గుడిలో గంట కొట్టినంత భక్తిగా.
"యుద్ధం బరువంతా అందులో పెట్టిండు భాయ్."
ఎవరూ పెట్టలేదు నాయనా,
పెట్టడానికి ఏమీ లేకపోయింది, అనాలనిపించింది.
అన్లేదు. ఎందుకంటే
మొదటిసారి చూసినప్పుడు
నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఆరు వేళ్లు చూసినవా? నిద్రపోతూ గీసిండ్రు.
చవగ్గా దొరికినోళ్లకిచ్చి నాశనం చేసిండ్రు."
ఇదీ నిజమే. నిద్రలోనే గీశాను. చవగ్గానే దొరికాను.

ఆ తర్వాత కంపెనీ మూతపడ్డ కథంతా
ఎవడో వరసగా చెప్పుకొచ్చాడు,
బకాయిలు, ఆస్పత్రి, డెస్కుల కిందే పడుకున్నవాళ్లు.
అందరి గొంతులూ మెత్తబడ్డాయి.
అదే పంతొమ్మిదో భాగం, అవే వేళ్లు.
"పాపం, ఆ హాలత్‌లో అంత చేసిండ్రంటే గొప్పే."
తిట్టు బొమ్మకు తగిలింది.
ఆ పాపం మాత్రం వచ్చి
తిన్నగా నాకు తగిలింది.
బొమ్మ బాగోలేదంటే బాగోలేదనండి.
నా నిద్రకి మార్కులెయ్యకండి.

మా వీధి చివర ఒక ఫ్లైఓవర్
ఆరేళ్లుగా చెయ్యి చాపి గాలిలో ఆగిపోయింది.
కొసన ఇనప చువ్వలు, వేళ్లలాగే. ఎన్నో లెక్కపెట్టలేదు.
కాంట్రాక్టరు పారిపోయాడని ఆటోవాళ్లంతా ఎరుగుదురు.
అందులో మౌనముందని
ఇంతవరకూ ఒక్కరూ అన్లేదు.

వచ్చేస్తుంటే మెట్ల మీద ఒక పిల్ల,
పన్నెండేళ్లుంటాయేమో, వెండి రంగు అట్ట తొడుక్కుని
ఎడమ చేతి తొడుగుకు ఊడిపోయిన స్పాంజి వేలిని
పంటితో దారం తెంపుతూ కుట్టుకుంటోంది.
లెక్కపెట్టాను. మళ్లీ లెక్కపెట్టాను.
"ఒకటి ఎక్కువైందమ్మా."
నా వైపు జాలిగా చూసింది,
ఏమీ తెలియనివాళ్లను చూసినట్టు.
"దానికి అన్నే ఉంటయ్ అక్కా.
పంతొమ్మిదోది నువ్వు చూడలే?"

సూది నోట్లో పెట్టుకుని
తొడుగు నా చేతికిచ్చింది,
కాస్త పట్టుకోమని.