బొక్కల లెక్క

నల్లగొండ కూరగాయల మార్కెట్ షెడ్డుకు
వెనక గోడలో పదకొండు బొక్కలు గీసిన.
ఏఈ సారు కళ్ళజోడు పైకెత్తి
"వెంటిలేటర్లా?" అన్నడు.
"పిచ్చుకలకు సార్."
ఎస్టిమేట్ల ఆ పద్దు లేదన్నడు.

మేస్త్రి గాలెయ్య మాత్రం నవ్వలే.
మర్రిగూడ దిక్కు మనిషి.
చిన్నప్పటి బోరునీళ్ళు వెన్నుల గడ్డకట్టి
తల తిప్పాలంటే మొత్తం మనిషే తిరుగుతడు.
"గోవ కట్టెలు పీకినంక
బొక్కలు ఎట్లాగూ మిగుల్తయి గద మేడమ్.
కొన్ని పూడ్వకుంటే సరి.
పద్దెందుకు?"

మొదటి యేడు తప్పు నాదే.
కాగితం మీద దిక్కులుంటయి గాని ఎండ ఉండదు.
పడమటి గోడకు పెట్టిన.
ఏప్రిల్ నెలాఖరుకు గుట్ట కాగి, గోడ కాగి
సిమెంటు పెనమైంది.
గాలెయ్య పక్కకు ఒరిగి నిచ్చెనెక్కి
నాలుగు పిల్లల్ని బయటికి తీసిండు.
ఈకలింకా సరిగ రాలే.
బీడీకట్ట కాగితం విప్పి అందుల చుట్టిండు.
ఏమీ అనలే.
అంటే బాగుండు.

రెండో షెడ్డుకు మళ్ళ గీసిన,
స్కేలు పక్కన పెట్టి, అతన్ని అడిగి.
తూర్పు గోడ, రేకు నీడ పడే జాగ.
లోపల సిమెంటు గాదు,
కనగల్ల కుమ్మరి పెంటమ్మ చేసిన గురుగులు
అడ్డంగ పండబెట్టి, చుట్టూ సున్నం, ఊక.
మూతి రెండు వేళ్ళు పట్టేంత.
"మూడైతే గోరింక దూరి గుడ్లు నూకేస్తది."
సంపు లోపలి గోడకు బరుకు రాళ్ళ మెట్లు,
పడ్డ ఉడుత ఎక్కి రానీకి.
పైపు కారే మూల అతుకు మీద మాలు పూయనియ్యలే.
"ఆడ గడ్డిచామంతి మొలుస్తది.
మొలవనీ."

గోవ విప్పిన రోజు
కూలోళ్ళు తాపీలు పట్టుకొని పూడ్వబోతుంటే
కింద నుంచే అరిచిండు,
తల ఎత్తలేక, గోడ చూడకుండనే:
"ఎడమకెల్లి మూడోది ఉండనీ!
ఆరోది ఉండనీ!"
ఒక్క లెక్క తప్పలే.

అప్పుడు నా దిక్కు మొత్తం మనిషి తిరిగి
"మా బొక్కలు నీళ్ళకు వంకరపోయినయి మేడమ్,
ఈ బొక్కలన్న సక్కగుండాలె."

గురుగులకు నాలుగొందల అరవై.
బిల్లుల రాయలే, నేనే ఇచ్చిన.
తనిఖీ నాడు ఏఈ సారు
ఎర్ర పెన్నుతోటి రాసిండు:
"గోవ రంధ్రములు పూడ్చలేదు.
వారం లోపు సంజాయిషీ ఇవ్వవలెను."

ఇయ్యాల ఆరో రోజు.
మూడో బొక్కలకెల్లి
గడ్డిపోచ ఒకటి బయటికి వేలాడుతున్నది.
కాగితం ముందర పెట్టుకొని
అది లోపలికి పోయేదాక
చూస్తున్న.