ఏ వైపు తల

పర్లాకిమిడిలో కరెంటు పోయిన మధ్యాహ్నం.
గాజుపళ్లెంలో పదకొండు ముక్కలు.
అన్నీ కలిపి ఒక్కటే పురుగు. పొద్దున్న నేనే కోశాను,
ఐసు మీద పెట్టి, కొత్త బ్లేడుతో.
చావలేదు.
చావడం దానికింకా ఎవరూ నేర్పినట్టు లేదు.

మహేంద్రతనయలో రాళ్లు తిరగేసి
వీటిని పట్టి తెచ్చేది తవిటయ్య.
"జెలగనుకున్నాను గానమ్మా,
దీనికి నెత్తురు తాగడమే రానేదు" అంటూ
పళ్లెం మీదికి వంగుతాడు.
మెల్లకన్నేసి అవీ అతన్ని చూస్తాయి.
ముందు పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోతే
ఇతన్ని చేటెడు తవుడుకి పక్కింటికి అమ్మేసి,
తెల్లారాక మళ్లీ కొనుక్కుందట వాళ్లమ్మ.
అలా బతికాడు.
నా ప్రయోగాల పుస్తకంలో దీనికి గడి లేదు.

నా ప్రశ్న ఒక్కటే, ఆరేళ్లుగా.
నడిమి ముక్కకి తలా లేదు, తోకా లేదు.
రెండు కొసలా ఒకే గాయం, ఒకే బ్లేడు, ఒకే క్షణం.
అయినా ఒక గాయం తల కట్టుకుంటుంది,
ఒక గాయం తోక.
ఏ వైపు ఏదో దానికి చెప్పిందెవరు?

లోపాముద్ర ఒక జన్యువు నోరు మూయించింది.
తొమ్మిదో రోజుకి అటూ తలే, ఇటూ తలే.
చెరో దిక్కుకి పాకబోయి
నడుమ ఒళ్లు దారంలా సాగి
ఎటూ కదల్లేదు.
నవ్వాం ఇద్దరం. తర్వాత నవ్వలేదు.
మా తాత భూమి కాగితాల్లో ఊరి పేరు మూడు లిపుల్లో ఉంది.
జిల్లాల మధ్య గీత గీసినవాళ్ల బ్లేడూ కొత్తదే అయ్యుంటుంది.
నేను తెలుగులో తిట్టుకుంటాను, ఒడియాలో సంతకం పెడతాను.
ఇంతకంటే లాగను.
పురుగు సాగినంత సాగదు పోలిక.

తవిటయ్య చూపుడువేలికి చివరి కణుపు లేదు.
కొమ్ముబొమ్మల దుకాణంలో సానచక్రం తినేసింది,
పదహారో ఏట, కొంగ మెడ నున్నచేస్తుంటే.
కొమ్ముపని చేసినవాడికి తెలుసు:
జింక కొమ్ము ఏటా రాలి ఏటా మొలుస్తుంది,
ఎద్దు కొమ్ము ఒక్కసారే.
"మనది ఎద్దుజాతమ్మా" అన్నాడోసారి బీడీ ఆర్పుతూ.
నిధుల దరఖాస్తులో అదే ముక్కకి
నాకు మూడు పేజీలు పట్టింది.

నిన్న మనవరాల్ని వెంటబెట్టుకొచ్చాడు. నాలుగేళ్లది.
మొన్న ఎండాకాలం రైసుమిల్లు తలుపుసందులో
వేలికొస తెగి పడిపోయిందట.
బరంపురం డాక్టరు కుట్లు వెయ్యకుండా
కట్టు కట్టి పంపేశాడట.
"సూడమ్మా."
చూశాను. లెన్సు కింద పెట్టి చూశాను.
కొత్త గోరు. గోటి మొదట్లో తెల్లటి నెలవంక.
వేలిముద్ర గీతలు కూడా వచ్చాయి,
కాస్త పక్కకి ఒరిగి,
పలకమీద మొదటిసారి దిద్దినట్టు.

గోటి మొదలు మిగిలితే చాలు,
పసిపిల్లలకి వేలికొస తిరిగొస్తుందని చదివాను.
చదవడం వేరు.
ఈ వేలు నా అరచేతిలో చెమటపట్టి, ఊరుకోకుండా కదులుతోంది.

తవిటయ్య తన మొండి వేలిని దాని పక్కన పెట్టాడు.
రెండింటికీ తేడా గోరంత.
అతనేమీ అడగలేదు.
అడిగినా నా దగ్గరున్నవి ఊహలే.
ఏ కాలంలోనో ఏ పూర్వజీవో
త్వరగా మూసుకునే మచ్చకోసమో, వెచ్చటి నెత్తురుకోసమో
ఈ విద్యని తవుడుకి అమ్మేసి ఉంటుంది.
తెల్లారాక వెళ్లి కొనుక్కోవడం మరిచిపోయింది.

కరెంటొచ్చింది. ఫ్యాను మూలిగింది.
పిల్ల స్టూలెక్కి పళ్లెంలో ముక్కలు లెక్కపెట్టింది,
పది దాకా తెలుగులో,
ఆఖరిదానికి "ఎగారొ" అని.
ఆ పదకొండోది మాత్రం
ఎటు పాకాలో
ఇంకా తేల్చుకోలేదు.